కరపత్రంలో ఐదో చోటు

ఐరాల,
10 జూన్ 2024.

మునిశేఖర్‌కు,

ఇది వ్యాపార విషయమై రాస్తున్న ఉత్తరం. ఆరేళ్ల తర్వాత అక్క రాసింది కదా, మెత్తబడిపోయిందని అనుకోవద్దు.

మన మధ్య ఉన్న సంగతి ముందుగా రాసిపెడతాను. వ్యాపారంలో అన్నీ స్పష్టంగా ఉండాలి. బోరు బండి లోపలికి పోవడానికి దారి చాలలేదని అమ్మ నాటిన తోతాపురి మామిడి చెట్టును నువ్వు కొట్టించావు. నన్ను అడిగితే తల ఊపానన్నావు. నేను ఊపలేదన్నాను. మాట మీద మాట పెరిగి ఇద్దరం కాణిపాకం పోయి, తడిబట్టలతో స్వామి ముందు నిలబడ్డాం. "మా అక్క నేనుండే సోటికొచ్చి పిలిస్తే తప్ప ఐరాల పొలిమేర తొక్కను" అని నువ్వు ప్రమాణం చేశావు. "వీడి మొగం సూసి రమ్మని పిలిస్తే నేను మా నాయన కూతుర్నే కాదు" అని నేను చేశాను. కాణిపాకం మనకు పదిహేను నిమిషాల దారి కావడం మన ఖర్మ. ఇంకొంచెం దూరమైతే దారిలోనే కోపం దిగిపోయేది.

ఆ ప్రమాణాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఉత్తరంలో పిలవచ్చు కదా, అందులో మొగం కనపడదు కదా అని మీ బావ సలహా ఇచ్చాడు. రాసేటప్పుడు నాకు నీ మొగం కనపడుతుంది. కాబట్టి అదీ కుదరదు. ఫోను అసలే వద్దు, ఫోనులో మాట జారుతుంది.

ఇక విషయం. నేను యాత్రా బృందం నడపబట్టి పద్నాలుగేళ్లు అయిందని నీకు తెలుసు. వంటమనిషి, బియ్యం మూటలు, గ్యాస్ పొయ్యితో సహా జనాన్ని కాశీకి తీసుకుపోయి, తిరిగి ఎవరింటి దగ్గర వాళ్లను దింపడం నా పని. ఇప్పుడు కాశీకి తీసుకుపోయేవాళ్లు సందుకొకరు ఉన్నారు. ఒక్క పూతలపట్టు కూడలిలోనే మూడు బోర్డులు వేలాడుతున్నాయి. అందుకని ఇక్కడి వాళ్లెవరూ పోని చోటికి ఒక యాత్ర వేయాలనుకున్నాను. నువ్వు హిమాలయాల్లో ఏదో స్పితి లోయలో రోడ్డు పనుల క్యాంపులో జేసీబీ నడుపుతున్నావని తెలిసింది. నాకు తెలిసినవాళ్లలో ఆ వైపు ఉన్నవాడివి నువ్వొక్కడివే. అక్కడ చూడదగ్గ ప్రదేశాలు ఏమున్నాయో ఐదు రాసి పంపు. కరపత్రంలో ఐదింటికే చోటుంది.

మా అమ్మాయి ధరణి పెళ్లి ఫిబ్రవరి తొమ్మిదిన. ఇది పిలుపు కాదు, వార్త. పేపర్లో ఎవరెవరి పెళ్లి సంగతులో వేస్తారు, చదివినవాళ్లంతా భోజనానికి పోరు. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి ఎత్తుకొచ్చేది ఎవరో ఇంకా తేలలేదు. సొంత మేనమామ ఒక్కడే ఉన్నాడు, ఆయన అందుబాటులో లేడు. మీ బావ వరసకు మేనమామ అయ్యేవాణ్ణి ఎవరినైనా వెతుకుతానన్నాడు. వెతకమన్నాను.

శకుంతలమ్మ,
శకుంతలమ్మ యాత్రా బృందం.


స్పితి లోయ,
27 జూన్ 2024.

అక్కకు మునిశేఖర్ నమస్కారాలు. వ్యాపార ఉత్తరాల్లో కూడా నమస్కారాలు పెడతారు కాబట్టి పెట్టాను.

ఐదు అడిగావు. ఒకటి, కీ అనే చోట కొండ కొమ్మున ఒక బౌద్ధ మఠం ఉంది. లోపలికి పోతే టీ ఇస్తారు. అందులో చక్కెర బదులు ఉప్పు, వెన్న వేస్తారు. ముందే తెలిసి తాగితే ఫరవాలేదు. రెండు, లాంగ్జా అనే ఊరు. అక్కడ రాళ్లలో గవ్వల్లాంటి అచ్చులు ఉంటాయి. ఒకప్పుడు ఇదంతా సముద్రమట. ఇప్పుడు తాగడానికే నీళ్లు తక్కువ. మూడు, హిక్కిం అనే ఊళ్లో చాలా ఎత్తున ఉన్న పోస్టాఫీసు. ఈ ఉత్తరం అక్కడే వేస్తున్నాను. నాలుగు, చంద్రతాల్ అనే సరస్సు. నీళ్లు నీలంగా ఉంటాయి. స్నానం చేయనివ్వరు. చేయనిచ్చినా మనం చేయలేం.

ఐదోది అసలు చెప్పదగ్గది కాదు. వేరేది తోచక రాస్తున్నాను. మా క్యాంపు దాటాక రోడ్డు మలుపు తిరిగే చోట, నదికి అవతల నిటారుగా ఒక కొండ నిలబడి ఉంటుంది. ఇవతల నుంచి ఏం అరిచినా అది తిరిగి చెబుతుంది. లారీ డ్రైవర్లు ఆగి, ఓనరును తిట్టాలనుకున్నవి తిట్టి పోతారు.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఇక్కడ గాలి పలచన. మెట్లెక్కితే గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. కుక్కరు లేకపోతే అన్నం ఉడకదు. యాభై దాటినవాళ్లు ఈ ఎత్తుకు రాకపోవడమే మంచిది.

వార్త చదివాను. ధరణి నా భుజం మీద కూర్చుని కాణిపాకం తేరు చూసిన పిల్ల. గంపకు ఎవరో ఒకరు దొరుకుతారులే.

మునిశేఖర్.


ఐరాల,
12 జూలై 2024.

మునిశేఖర్‌కు,

నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు ప్రదేశాలు మాత్రమే చదివి, కరపత్రం అచ్చుకు ఇచ్చాను. ఐదు వందలు వేయించాక రెండోసారి చదివితే యాభై అనే మాట కనపడింది. నాకు యాభై ఆరు. నేను నీకంటే పన్నెండేళ్లు పెద్ద, నీకు నలభై నాలుగు. ఈ లెక్క నీకు రాదనుకోను. నన్ను అటు అడుగు పెట్టొద్దని నేరుగా రాసి ఉండొచ్చు. గాలి మీద, కుక్కరు మీద పెట్టి చెప్పనవసరం లేదు.

కరపత్రం జతచేశాను. నువ్వు రాసింది రాసినట్టు వేస్తే ఇంటి ముందు నుంచి కూడా ఎవరూ కదలరని మీ బావ అన్నాడు. అందుకని కొంచెం దిద్దాను. మఠాన్ని "మహర్షుల నిలయం" అన్నాను. సరస్సును "చంద్ర పుష్కరిణి" అన్నాను. పోస్టాఫీసు చూస్తే ఏం పుణ్యమో ఎంత ఆలోచించినా తట్టలేదు. "అందరికీ దక్కని దర్శనం" అని వేశాను. అందులో అబద్ధం లేదు.

ఇరవై మంది పేర్లిచ్చారు. వంటకు ఎప్పటిలాగే మన మునిరత్నం. పూతలపట్టు దేవకమ్మకు అరవై ఎనిమిది. ఆమె పేరు మొదట ఉంది. అయినా ఇప్పుడు ఆలోచనలో పడ్డాను. అక్కడివాళ్లకే ఇష్టం లేని చోటికి జనాన్ని తోలుకుపోవడం పద్ధతి కాదు. యాత్రను రామేశ్వరానికి మార్చేద్దామనుకుంటున్నాను.

ఒక ప్రశ్న, కేవలం కరపత్రం కోసం. ఆ ఐదో చోట కొండ తెలుగు మాటలు కూడా తిరిగి చెబుతుందా, హిందీ మాత్రమేనా?

యాభై ఆరేళ్ల
శకుంతలమ్మ.


స్పితి లోయ,
29 జూలై 2024.

అక్కకు,

నేను రాసింది నీ గురించి కాదు. నువ్వు యాత్ర నడిపేదానివి, యాత్రికురాలివి కాదు. దుకాణంలో కూర్చున్నవాణ్ణి కొనేవాళ్లలో లెక్కేయం కదా. అయినా నువ్వు నొచ్చుకోవాలని నిర్ణయించుకున్నాక నేను రెండు పేజీలు రాసినా నొచ్చుకుంటావు. మామిడి చెట్టప్పుడూ ఇంతే.

కరపత్రం చూశాను. మఠంలో మహర్షులెవరూ లేరు. చిన్న లామాలు క్రికెట్ ఆడుతుంటారు. పుష్కరిణి అన్నావు కాబట్టి మనవాళ్లు బట్టలు మూట గట్టుకుని దిగుతారు. ఆ మాట కొట్టేసి పంచితే బాగుంటుంది.

ఈ కరపత్రంలో స్పితి ఉంది, హిమాలయం ఉంది, నీ ఫోను నంబరు మూడుసార్లు ఉంది. ఇక్కడ నీకు ఒక తమ్ముడు ఉన్నట్టు ఎక్కడా లేదు. ఉండాలని నేను అనడం లేదు. ఇది యాత్ర కోసమేనని నువ్వు మొదటే రాశావు. నేనే వేరేగా చదువుకున్నాను. రామేశ్వరమే మంచిది. అక్కడ అన్నం ఉడుకుతుంది.

నీ ఉత్తరం అందకముందే క్యాంపులో సామాన్ల గది ఖాళీ చేయించి సున్నం కొట్టించాను. పెద్ద కుక్కర్లు రెండు, పరుపులు అందాజుగా ఇరవై తెప్పించాను. మా లారీ డ్రైవరు దోర్జే ఇవన్నీ కిందనుంచి మోసుకొచ్చి, "ఎవరొస్తున్నారు?" అని అడిగాడు. యాత్రికులు అన్నాను. యాత్రికుల కోసం ఎవరూ కిటికీకి అద్దం మార్పించరని అన్నాడు. వాడికి అన్నీ కావాలి.

కొండ తెలుగులో కూడా చెబుతుంది. నేను అడిగి చూశాను. మన యాసలోనే చెప్పింది.

మునిశేఖర్.


ఐరాల,
14 ఆగస్టు 2024.

మునిశేఖర్‌కు,

రామేశ్వరం వద్దని దేవకమ్మ అడ్డం తిరిగింది. "నేను మంచు సూడాల. రామేశ్వరంలో మంచు యాడుండాది?" అంది. కస్టమరు మాట కాదనలేం. పైగా గదికి సున్నం కొట్టించిన ఖర్చు వృథా పోకూడదు.

డాక్టరు దగ్గర అందరినీ చూపించాను. ఆయన ఆరుగురిని వద్దన్నాడు. దేవకమ్మను మాత్రం చూసి, ఈమె నాకంటే బాగుందన్నాడు. నాతో, మునిరత్నంతో కలిపి పదహారు మందిమి. ఈ నెల వదిలేసి వచ్చే నెల పదో తేదీన తిరుపతిలో రైలెక్కుతాం. ఢిల్లీలో దిగి, అక్కణ్ణుంచి వ్యాన్లలో సిమ్లా మీదుగా మెల్లగా ఎక్కుతాం. ఎత్తు అలవాటు కావడానికి దారిలో మూడు చోట్ల పడక. పద్దెనిమిదికి మీ క్యాంపు. మూడు రోజులు ఉండి ఐదు ప్రదేశాలు చూసి తిరుగు ప్రయాణం.

కార్యక్రమం కింద రాశాను. ఇందులో నిన్ను చూసే కార్యక్రమం లేదు. నువ్వు మామూలుగా నీ పని చేసుకో. ఎదురుపడితే మునిరత్నం ద్వారా మాట్లాడుకుందాం.

తమ్ముడున్నాడని కరపత్రంలో ఎందుకు వేయలేదని అడిగావు. అడగలేదని రాశావు కానీ అడిగావు. కరపత్రంలో చూపించేవి మాత్రమే వేస్తారు. ఉండి కూడా చూపించుకోలేని దాన్ని ఎలా వేయను?

రాగిపిండి పది కిలోలు తెస్తున్నాను. సంగటిలోకి చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి కూడా. యాత్రికుల కోసం.

శకుంతలమ్మ.


స్పితి లోయ,
29 సెప్టెంబర్ 2024.

అక్కకు,

మీరు పోయి ఎనిమిది రోజులైంది. క్షేమంగా చేరారనుకుంటాను. ఒక సందేహం ఉండి రాస్తున్నాను. సందేహం చివర్లో రాస్తాను, ముందు జరిగింది సరిగ్గా జరిగిందా చూసుకో.

మొదటి రోజు నువ్వు వ్యాను దిగి, నేను నమస్కారం పెడితే కిటికీ అద్దాన్ని చూశావు. తర్వాత మునిరత్నంతో "ఆయప్ప సిక్కిపోయినాడు, ఇంకో ముద్ద ఎయ్" అన్నావు. మునిరత్నం నా వైపు తిరిగి, "సిక్కిపోయినావంట, ఇంకో ముద్ద ఎయ్యమనింది" అన్నాడు. నువ్వు, నేను, సంగటి గిన్నె అంతా ఒక చాప మీదే ఉన్నాం. నాకు ఇక్కడే వినపడిందని అంటే, నేరుగా వింటే లెక్కలోకి రాదన్నాడు. ఆరేళ్ల తర్వాత సంగటి తిన్నాను. మూడు ముద్దలు తిన్నానని గుర్తు. నాలుగు అని మునిరత్నం అంటున్నాడు.

నీకు తలనొప్పి వచ్చింది. రాలేదని మునిరత్నం ద్వారా చెప్పి పంపావు. నేను వేణ్ణీళ్లు, మాత్ర పంపాను. యాత్రికుల కోసమే పంపానని చెప్పమన్నాను. దేవకమ్మ మాత్రం మఠం మెట్లు ముందుగా ఎక్కి, పైనుంచి మమ్మల్ని పిలిచింది. ఉప్పు టీ రెండు గిన్నెలు తాగి, "కొంచెం మిరియాలు పడుంటే మన చారే" అంది. సరస్సు దగ్గర నేను అడ్డం నిలబడ్డాను కాబట్టి ఎవరూ దిగలేదు. పోస్టాఫీసులో అందరూ ఎవరింటికి వాళ్లు ఉత్తరాలు వేసుకున్నారు. నువ్వు వేయలేదు.

చివరి రోజు ఐదో చోటు. నేను మలుపు దగ్గర బండి ఆపుకుని రాళ్లు తీస్తున్నాను. అది ఆ రోజు నాకున్న పనే, కావాలని రాలేదు. మునిరత్నం గోవిందా అన్నాడు, కొండ గోవిందా అంది. దేవకమ్మ తన గేదెను పేరు పెట్టి పిలిచింది. కొండ కూడా గేదెను పిలిచేసరికి, కోడలు దానికి మేత వేస్తోందో లేదోనని కళ్లు తుడుచుకుంది.

తర్వాత నువ్వు. శాలువా సర్దుకుని, నాకు వీపు పెట్టి, కొండకు ఎదురుగా నిలబడ్డావు. "ఒరే మునిశేఖరా, ఇంటికి రారా నాయనా" అన్నావు. గట్టిగానే అన్నావు. కొండ ఒకసారి స్పష్టంగా అంది, రెండోసారి నెమ్మదిగా అంది. మూడోసారి "నాయనా" మాత్రం వినపడింది. నువ్వు వెనక్కి తిరక్కుండానే పోయి వ్యాను ఎక్కావు. "ఐదో సోటు బాగుండాది, రాసుకో" అని మునిరత్నంతో అనడం విన్నాను. వ్యాన్లు పోయాయి. ఆమె ఏమందని దోర్జే అడిగాడు. హిందీలో దానికి మాట లేదని చెప్పి, మళ్లీ రాళ్లు తీశాను. కాసేపు ఏ రాయి ఎక్కడుందో సరిగా కనపడలేదు.

ఇప్పుడు సందేహం. అది పిలుపేనా, లేక కొండను పరీక్షించడమేనా? పరీక్ష అయితే నేను తొందరపడకూడదు. స్వామితో పని.

కొండను తెలుగులో అడిగి చూశానని రాశాను కదా. మొదటి చలికాలం, క్యాంపులో నేనొక్కడినే కాపలా ఉన్నప్పుడు అడిగాను. "అక్కా" అన్నాను. అది కూడా "అక్కా" అంది. ఇద్దరం అలా కొంతసేపు నిన్ను పిలిచాక చలేసి లోపలికి పోయాను.

మునిశేఖర్.


ఐరాల,
13 అక్టోబర్ 2024.

మునిశేఖర్‌కు,

అందరం క్షేమంగా చేరాం. దేవకమ్మ గేదె కూడా క్షేమం. నువ్వు తిన్నవి నాలుగు ముద్దలే.

నీ సందేహం అందిన రోజే స్నానం చేసి కాణిపాకం పోయాను. తడిబట్టలతోనే నిలబడ్డాను. స్వామికి జరిగింది జరిగినట్టు చెప్పాను. మూడు రోజులు వాడి మొగం చూశాను, అప్పుడు పిలవలేదు. పిలిచినప్పుడు మొగం చూడలేదు, కొండను చూశాను. రెండూ ఒకేసారి జరగలేదు. వాడుండే చోటికి పోయిన మాట నిజం, అది యాత్రలో భాగం. కరపత్రం కూడా చూపించాను, ఐదో నంబరు దగ్గర వేలు పెట్టి. స్వామి ఏమీ అనలేదు. అనేవాడైతే ఆరేళ్ల క్రితమే అనేవాడు.

కాబట్టి నా ప్రమాణం నిలిచింది, నీదీ నిలిచింది. అక్క నీ చోటికి వచ్చింది. పిలుపు నీ చెవిన పడింది. ఒకటికి మూడుసార్లు పడింది.

ఇంకొక సంగతి ఉంది. స్వామి దగ్గర అది కూడా చెప్పాను, నీకు చెప్పకపోతే బాగుండదు. ఆ రోజు చెట్టు గురించి నువ్వు అడిగినప్పుడు నేను ఫోనులో టికెట్ల ఏజెంటుతో మాట్లాడుతున్నాను. ఊపిన తల అతనికి ఊపానని నాకు నేను చెప్పుకున్నాను. ఫోనులో ఉన్నవాడికి తల ఊపితే కనపడదు. నేను ఊపింది నీకే. చెట్టు పడ్డాక అమ్మ గుర్తొచ్చింది. ఎవరో ఒకరి మీద పెట్టకపోతే ఆ రోజు నిలబడలేకపోయేదాన్ని. నువ్వు దగ్గర్లో ఉన్నావు. ఈ ఆరేళ్లూ ఆ బోరు నీళ్లే తాగాను. తాగినప్పుడల్లా నువ్వే గుర్తొచ్చావు. తప్పు నాది.

గంపకు మీ బావ వెతికినవాడు ధరణిని చూసి, నడుం నొప్పి ఉందని చెప్పి పోయాడు. మన ఇంట్లో మేనమామ ఒక్కడే ఎత్తాలి, ఇంకొకరు చేయి వేయకూడదు. నన్ను ఎత్తిన చిన్నమామ ఇప్పటికీ వంగే నడుస్తాడు. ఇవన్నీ వార్తలు.

మీ అక్క.


స్పితి లోయ,
27 అక్టోబర్ 2024.

అక్కకు,

తప్పు నీదని రాసిన ఉత్తరం దోర్జేకు కూడా చూపించాను. వాడికి తెలుగు రాదు. అయినా చూపించాను.

నాదీ ఒక తప్పుంది. నువ్వు తల ఊపినప్పుడు నీ చెవి దగ్గర ఫోను ఉండడం నేను చూశాను. రెండోసారి అడగాలి. అడిగితే ఎక్కడ వద్దంటావోనని అడగలేదు. బోరు బండివాడు తొందరపెడుతున్నాడని అడగలేదని ఇన్నాళ్లు అనుకున్నాను. అతనేమీ తొందరపెట్టలేదు, నీడన కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. ఆ చెట్టు నీడలోనే.

కనుమ మీద మంచు మొదలైంది. వచ్చే నెలాఖరుకు పని ఆపేస్తారు. ఆరు చలికాలాలు నేనే కాపలా ఉన్నాను, ఈసారి వేరేవాణ్ణి చూసుకోమని చెప్పేశాను. నవంబరు చివర్లో దిగుతాను. నీ జవాబు అంతలోపే వేయి. ఆ తర్వాత వేస్తే నేను ఉండను, తపాలా సంచి కూడా ఉండదు.

గంప కోసం పొద్దున్నే సిమెంటు మూట ఎత్తి, జేసీబీ చుట్టూ ఒక చుట్టు తిరుగుతున్నాను. మూట యాభై కిలోలు. ఫరవాలేదు, తిరుగుతున్నాను. ధరణి బరువెంతో దాచకుండా రాయి. నేను చివరిసారి ఎత్తుకున్నప్పటికి, ఇప్పటికి తేడా ఉంటుంది.

కొండ పిలిచింది కాబట్టి బయల్దేరుతున్నాను. కొండకు ఉత్తరం రాయలేను కాబట్టి నీకు రాస్తున్నాను. నువ్వు ఆ మాట కాగితం మీద ఇంతవరకూ పెట్టలేదు. పెట్టమని అడగడం లేదు.

తమ్ముడు మునిశేఖర్.


ఐరాల,
7 నవంబర్ 2024.

తమ్ముడికి,

అరవై నాలుగు. ఈ సంగతి నీకు రాశానని ధరణికి తెలిస్తే నన్ను ఇంట్లో ఉండనివ్వదు. గంప బరువు వేరే. చీర, పూలు, నగలు కలిపి ఇంకో మూడు వేసుకో. మూట మీద ఇంకో అర మూట పెట్టి అలవాటు చేసుకో. మండపంలో ఇబ్బంది పడకూడదు.

పైనుంచి దిగేటప్పుడు తొందరపడొద్దని దోర్జేకు చెప్పు. దేవకమ్మ నీకు ఉన్ని టోపీ అల్లుతోంది. ఇక్కడ ఎండలో టోపీ ఎందుకంటే వినడం లేదు.

ఇకపైది కళ్లు మూసుకుని రాస్తున్నాను. మొగం కనపడకుండా గట్టిగానే మూసుకున్నాను. అక్షరం వంకర పోతే సర్దుకుని చదువుకో.

రా.